విదేశీ ప్రభుత్వం తరఫున పనిచేస్తే ఆ మాట బయటకు చెప్పాలి

తెలుగు రాష్ట్రాల ప్రధాన పార్టీలకు అమెరికాలో ఎన్నారై విభాగాలు ఉన్నాయి. ఎన్నికలు దగ్గరపడితే న్యూజెర్సీలోను, డల్లాస్‌లోను, బే ఏరియాలోను ఆత్మీయ సమ్మేళనాలు జరుగుతాయి. ఇక్కడి నుంచి మంత్రులు, ఎమ్మెల్యేలు వెళ్లి మాట్లాడతారు. ఆ సభలు నిర్వహించేవారిలో అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు కూడా ఎందరో ఉంటారు. అయితే విదేశీ పక్షాల తరఫున పనిచేసేవారు ఆ సంగతి నమోదు చేసుకోవాలనే అమెరికా విదేశీ ఏజెంట్ల నమోదు చట్టం, అంటే అందరూ ఫారా అని పిలిచే చట్టం, విదేశీ ప్రభుత్వాలకే కాక విదేశీ రాజకీయ పార్టీలకు కూడా వర్తిస్తుందని వారిలో కొద్దిమందికే తెలుసునని నా అనుభవం. భారతీయ జనతా పార్టీ అభిమానుల సంఘం ‘ఓవర్సీస్ ఫ్రెండ్స్ ఆఫ్ బీజేపీ’ 2020లో ఈ చట్టం కింద అమెరికా న్యాయశాఖ వద్ద నమోదు చేసుకుంది. ఈ చట్టం గురించి మనవాళ్లు భయపడకుండా, అలాగని తేలికగా తీసుకోకుండా తెలుసుకోవాలన్న ఉద్దేశంతో ఈ టపా రాస్తున్నాను.

ఈ చట్టం 1938 నాటిది. అంతకు నాలుగేళ్ల ముందు అమెరికా ప్రతినిధుల సభ నియమించిన సంఘం నాజీ ప్రచారంపై విచారణ జరుపుతున్నప్పుడు, రాక్‌ఫెల్లర్ల వంటి సంపన్నులకు పనిచేసిన ప్రజాసంబంధాల నిపుణుడు ఐవీ లీ, జర్మనీకి చెందిన ఐజీ ఫార్బెన్ కంపెనీ నుంచి ఏడాదికి 25 వేల డాలర్లు తీసుకుంటూ జర్మనీ ప్రతిష్ఠ గురించి సలహాలిస్తున్నట్లు వెల్లడైంది. అటువంటి పనిని నిషేధించి ఉంటే వాక్ స్వాతంత్ర్యానికి దెబ్బ తగిలేది. అందుకని చట్టసభ వేరే దారి తీసుకుంది: ఎవరి తరఫున అయినా మాట్లాడవచ్చు, కాని ఎవరి తరఫున మాట్లాడుతున్నారో వినేవారికి తెలియాలి. తొమ్మిది దశాబ్దాలకు దగ్గరపడుతున్నా ఈ చట్టంలో నాకు అన్నింటికన్నా విలువైనదిగా కనిపించేది ఈ నిర్ణయమే.

ఆచరణలో ఇది చాలా సూక్ష్మంగా ఉంటుంది. పని ఒప్పుకున్న పది రోజులలో నమోదు చేసుకోవాలి. ఒప్పందం రాతపూర్వకంగా ఉంటే ప్రతిని జతచేయాలి. నోటిమాటగా కుదిరితే ఆ మాటల సారాంశం రాసి ఇవ్వాలి. ఆపై ఆరు నెలలకొకసారి ఎవరిని కలిశారో, ఏ తేదీన ఫోన్ చేశారో, దేని గురించి మాట్లాడారో, ఎంత డబ్బు వచ్చిందో, ఎంత ఖర్చయిందో చూపాలి. పంచిన ప్రతి కరపత్రం మీద ఫలానా విదేశీ పక్షం కోసం దీనిని పంచుతున్నామన్న ప్రకటన స్పష్టంగా ఉండాలి. ఇవన్నీ న్యాయశాఖ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. వాషింగ్టన్‌లోని మన రాయబార కార్యాలయం 2025 ఏప్రిల్‌లో ఎస్‌హెచ్‌డబ్ల్యూ పార్ట్‌నర్స్ అనే లాబీయింగ్ సంస్థను (అంటే డబ్బు తీసుకుని ప్రభుత్వంలోని వారికి ఒకరి వాదన వినిపించే సంస్థను) నెలకు లక్షా యాభై వేల డాలర్లకు కుదుర్చుకున్న సంగతి కూడా అక్కడి పత్రాలలోనే ఉంది. అటువంటి ఒప్పందాలను బహిరంగంగా నమోదు చేయించే చట్టం మన దేశంలో లేదు. మన పన్నుల సొమ్ము ఎలా ఖర్చవుతోందో మనం అమెరికా పత్రాలలో చదువుకోవలసి రావడం నాకు బాధ కలిగిస్తోంది.

నమోదు లేకపోతే ఏమవుతుందో గులాం నబీ ఫాయ్ ఉదంతం చూస్తే తెలుస్తుంది. కశ్మీరీ అమెరికన్ కౌన్సిల్ పేరుతో ఆయన ఏళ్ల తరబడి వాషింగ్టన్‌లో సదస్సులు పెట్టి, అమెరికా కాంగ్రెస్ (చట్టసభ) సభ్యులను కలిసి, కశ్మీరీల గొంతుగా తనను పరిచయం చేసుకున్నారు. ఆ సంస్థకు పాకిస్తాన్ గూఢచార సంస్థ ఐఎస్ఐ నుంచి రహస్యంగా కనీసం 35 లక్షల డాలర్లు అందాయని 2011లో తేలింది. నేరం ఒప్పుకున్న ఆయనకు మరుసటి ఏడాది రెండేళ్ల జైలుశిక్ష పడింది. కశ్మీర్ గురించి ఆయన వాదన వినిపించడం తప్పు కాదు. ఆ వాదన వెనుక ఎవరున్నారో దాచడమే తప్పు.

అయితే ఇదే చట్టాన్ని అసమ్మతి మీద ప్రయోగించిన చరిత్ర కూడా ఉంది. అణ్వాయుధాలను నిషేధించాలని సంతకాలు సేకరించినందుకు ప్రసిద్ధ నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బీ. డుబాయిస్ మీద 1951లో కేసు పెట్టి, ఎనభై దాటిన ఆ పెద్దమనిషికి సంకెళ్లు వేశారు. విదేశీ పక్షంతో సంబంధానికి సాక్ష్యం లేదని న్యాయమూర్తి కేసు కొట్టివేశారు. రష్యాలో పరిస్థితి ఇంకా ఘోరం. విదేశీ నిధులు తీసుకుంటూ రాజకీయ స్వభావం ఉన్న పనులు చేసే సంస్థలకు 2012లో ‘విదేశీ ఏజెంటు’ ముద్ర వేయడం మొదలుపెట్టి, స్టాలిన్ కాలపు బాధితుల చరిత్రను భద్రపరచిన మెమోరియల్ సంస్థను 2021 చివరలో మూసివేయించారు. 2022 చట్టంతో డబ్బు అందకపోయినా, విదేశీ ప్రభావంలో ఉన్నారని అధికారులు అంటే చాలునన్న స్థితి వచ్చింది. రష్యా పొరుగుదేశం జార్జియా 2024లో ఇరవై శాతానికి మించి విదేశీ నిధులు పొందే సంస్థలను ఇటువంటి చట్టంతో లక్ష్యంగా చేసుకున్నప్పుడు రాజధాని త్బిలిసీ వీధులు నిరసనలతో నిండిపోయాయి. నా దృష్టిలో గీత గీయవలసినది ఇక్కడే: డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒక్కటే చాలదు, ఎవరి ఆదేశం మీద పని జరుగుతోందో నిరూపించాలి. మన దేశంలోని విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కూడా ప్రధానంగా డబ్బునే పట్టించుకుంటుంది, అందుకే అది వెల్లడికన్నా అనుమతుల చట్టంగా తయారైంది.

అమెరికాలో 1966 నుంచి 2015 వరకు ఈ చట్టం కింద పెట్టిన క్రిమినల్ కేసులు ఏడే. ట్రంప్ 2016 ఎన్నికల ప్రచార సారథుల్లో ఒకరైన పాల్ మనాఫోర్ట్ మీద, ఉక్రెయిన్ పక్షాన నమోదు లేకుండా పనిచేశారని పెట్టిన కేసుతో కొన్నేళ్లు పట్టు బిగిసింది. 2025 ఫిబ్రవరిలో అటార్నీ జనరల్ క్రిమినల్ కేసులను గూఢచర్యాన్ని పోలిన వ్యవహారాలకు పరిమితం చేశారు. తెలియక పొరపాటు చేసే చిన్న సంఘాలకు ఇది ఊరటే కాని, పెద్ద లాబీయింగ్ సంస్థలు దీనిని అలుసుగా తీసుకుంటాయన్న ఆందోళన నాకుంది.

ఇక మనవాళ్ల సంగతి. సెలవు పెట్టి ఊరికి వచ్చి అభిమాన నాయకుడికి ఓటేయమని ఇంటింటికీ తిరగడం అమెరికా గడ్డమీద జరిగే పని కాదు కాబట్టి ఈ చట్టం పరిధిలోకి రాదు. ఎవరూ చెప్పకుండా, సొంత అభిప్రాయంతో తమ సెనేటరుకు ఉత్తరం రాసినా ఇబ్బంది లేదు. కాని హైదరాబాదు నుంచో అమరావతి నుంచో ఒక పార్టీ గాని, రాష్ట్ర ప్రభుత్వం గాని కోరినందువల్ల అమెరికా చట్టసభ సభ్యులను కలిసి ఒక విధానం గురించి మాట్లాడితే, పైసా ముట్టకపోయినా నమోదు అవసరం కావచ్చు; ఈ చట్టం దృష్టిలో విదేశంలోని రాష్ట్ర ప్రభుత్వం కూడా విదేశీ ప్రభుత్వమే. పెట్టుబడుల కోసం కంపెనీలతో జరిపే కేవల వ్యాపార చర్చలకు మినహాయింపు ఉంది. ఏది ఎటు వస్తుందో తేలనప్పుడు న్యాయశాఖలోని ఫారా విభాగానికి వివరాలు రాసి ముందుగానే అభిప్రాయం కోరవచ్చు; గతంలో ఇచ్చిన అటువంటి అభిప్రాయాలు, పేర్లు తొలగించి, అదే వెబ్‌సైటులో ఉంచారు.