సొంతిల్లా, అద్దిల్లా?

మా అమ్మ కొత్త మనిషి గురించి అయిదు నిమిషాల్లో అంతా తెలుసుకుంటుంది. ఏ ఊరు, ఏం చేస్తారు, సొంతిల్లా అద్దిల్లా, పిల్లలెంతమంది, జీతం ఎంత. రాజమండ్రిలో ఇది మామూలు పలకరింపే. స్కాట్లండ్‌లో పుట్టి పెరిగిన మా పిల్లలకు మాత్రం ప్రాణం పోయినట్టుంటుంది. అమ్మమ్మ పెరట్లో ఉన్నంతసేపూ పక్కింటాయన బయటికి రాకూడదని మా అమ్మాయి దేవుడికి మొక్కుకుంటుంది.

ఈసారి అమ్మ ఇక్కడున్నప్పుడే మా గోల్డెన్ రిట్రీవర్ కుక్క ‘బంగారం’ పిల్లల్ని పెట్టింది. ఎనిమిది.

ఈ జాతి పుట్టింది మా దగ్గరే. మేముండే ఇన్వర్నెస్ నుంచి కారులో గంటలోపు వెళ్లొచ్చు, టామిక్ అనే చిన్న ఊరు. దాని పక్కనున్న ఎస్టేట్‌లో 1868లో ట్వీడ్‌మౌత్ ప్రభువు నూస్ అనే పసుపు రంగు రిట్రీవర్‌కీ, బెల్ అనే ట్వీడ్ వాటర్ స్పానియల్ జాతి కుక్కకీ జత కలిపాడు. తుపాకీ దెబ్బకు నీళ్లలో పడ్డ పక్షిని పళ్లు దిగకుండా నోట కరుచుకుని తెచ్చే కుక్క ఆయనకు కావాలి. ఆ వరస నుంచే ఇప్పుడు లోకమంతా ఉన్న గోల్డెన్‌లు వచ్చాయి. తన గోత్రం అడిగితే నా మొహం చూసే మా అబ్బాయి, బంగారం వంశం మాత్రం అయిదు తరాలు గడగడా అప్పజెబుతాడు. దీనికి సంతోషించాలో ఏడవాలో మా అమ్మ ఇంకా తేల్చుకోలేదు.

కుక్క ఇంట్లో తిరగడమే మొదట్లో అమ్మకు కష్టంగా ఉండేది. పురుడయ్యాక మాత్రం పూర్తిగా మారిపోయింది. బాలింత అంటే బాలింతే కదా అని వెల్లుల్లి రెబ్బలు వలవడం మొదలుపెట్టింది. మా అమ్మాయి పరుగున వచ్చి గిన్నె లాగేసుకుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, ఎండుద్రాక్ష మూత్రపిండాలకు ప్రమాదం. అమ్మమ్మను కూర్చోబెట్టి ఇదంతా తెలుగులో చెప్పాల్సి వచ్చింది పాపం. ‘మూత్రపిండాలు’ దగ్గర ఆగి నా వైపు చూసింది. అమ్మ విని, “సరే, దీని పథ్యం వేరు” అని ఉప్పూకారం లేకుండా కోడిమాంసం ఉడికించే పని తనే తీసుకుంది.

కుక్కపిల్లలు కళ్లూ చెవులూ మూసుకునే పుడతాయి. రెండు వారాలకు కళ్లు తెరుస్తాయి, మూడో వారంలో చెవులు పనిచేయడం మొదలవుతుంది. అక్కణ్ణించి దాదాపు పన్నెండో వారం దాకా చూసినవీ విన్నవీ వాటికి లోకంలో మామూలు విషయాలైపోతాయి. అమెరికాలో, మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కలను పెంచి చూసి, ఆ వయసు ఎంత ముఖ్యమో 1965లో పుస్తకంగా రాశారు. అందుకే ఇక్కడ కుక్కపిల్లల్ని పెంచేవాళ్లు టపాసులు, వాక్యూమ్ క్లీనర్, పసిపాప ఏడుపు లాంటి శబ్దాల రికార్డింగులు వినిపిస్తారు. మాకు ఆ అవసరం పడలేదు. వాటి గూడు వంటింటి మూలనే. కుక్కర్ కూతలు, మిక్సీలో ఇడ్లీపిండి, పొద్దున్నే అమ్మ పూజ గంట, ఆదివారం వీడియో కాల్‌లో ఇద్దరు బాబాయిలూ ఒక పెద్దమ్మా ఒకేసారి మాట్లాడటం.

ఏడు వారాలు నిండిన రోజున, అంటే 49వ రోజున, కుక్కపిల్లల స్వభావం చూసే పరీక్ష. వోల్‌హార్డ్ దంపతులు రూపొందించిన పద్ధతి ఇది. పిల్లలు ఎరగని చోటు కావాలి, ఎరగని మనిషి చేయాలి. అందుకని పక్కింటాయన గ్యారేజీ అడిగాం. ఈ జాతిని చాలా ఏళ్లుగా పెంచుతున్న ఒకావిడ వచ్చింది. ఒక్కొక్క పిల్లనే లోపలికి తీసుకెళ్లాలి. పిలిస్తే వస్తుందా, నడిస్తే వెంట పడుతుందా, వెల్లకిలా పడుకోబెట్టి అర నిమిషం పట్టుకుంటే ఏం చేస్తుంది, ఉండచుట్టిన కాగితం విసిరితే తెచ్చిస్తుందా, కాలివేళ్ల మధ్య చర్మం మెల్లగా నొక్కితే ఎప్పటికి ఊరుకోదు, గొడుగు ఠక్కున తెరిస్తే బెదురుతుందా. ప్రతి దానికీ 1 నుంచి 6 దాకా ఒక అంకె.

శబ్దం పరీక్ష కోసం ఆవిడ ఇనప గిన్నెను చెంచాతో గట్టిగా వాయించింది. మామూలుగా కొన్ని పిల్లలు ఉలిక్కిపడతాయట. మావి ఎనిమిదీ అన్నం పెడుతున్నారేమో అనుకుని గిన్నె వైపే పరిగెత్తాయి. ఆవిడ నోట్సులో ఏదో రాసుకుని, మీ ఇంట్లో ఏం వినిపిస్తున్నారని అడిగింది. మా అబ్బాయి కుక్కర్ అన్నాడు.

అసలు గొడవ మార్కుల దగ్గర వచ్చింది. ముప్పయ్యేళ్లు టీచరుగా చేసిన మా అమ్మ కాగితం చూసి, మెడలో ఎర్ర పట్టీ ఉన్న పిల్లకు 1లూ 2లూ ఉన్నాయని మురిసిపోయి, “ఇదే ఫస్టు” అంది. ఈ పరీక్షలో 1 అంటే మహా మొండిది, కుక్కను కొత్తగా పెంచేవాళ్లకు లొంగనిది. మామూలు కుటుంబాలకు సరిపడేవి 3, 4 వచ్చినవి. 5 అంటే బెదురుగొడ్డు. 6 అంటే దాని లోకం దానిది. ఫస్టు ర్యాంకు అంటూ లేదు, ఏ పిల్ల ఎలాంటి ఇంట్లో ఇముడుతుందన్నదే లెక్క. తుంటి కీళ్లు ఎలా ఉన్నాయో చూసే ఎక్స్‌రే సంగతి చెబితే అమ్మకు ఇంకా చికాకు వేసింది. ఏడాది నిండితే గానీ అది తీయరు. స్కోరు 0 నుంచి 106 దాకా ఉంటుంది, ఎంత తక్కువైతే అంత మంచిది. “ఇదేం దేశమే, తక్కువొస్తే గొప్పా?”

నాకైతే ఈ అంకెల మీద పెద్ద నమ్మకం లేదు. ఏడు వారాలప్పటి పరీక్షను బట్టి పెద్దయ్యాక స్వభావం చెప్పడం కష్టమని తర్వాత చేసిన పరిశోధనలు కూడా అంటున్నాయి. గ్యారేజీలో జంకిన పిల్ల సాయంత్రం ఇంట్లో నా చెప్పు ఎత్తుకుపోయింది. అయినా పరీక్ష వల్ల ఒక మంచి జరిగింది. ‘ముద్దొచ్చేది’ ఏదని చూడటం మానేసి, ఒక్కో పిల్లనూ విడిగా చూడటం మొదలుపెట్టాం.

కుక్కపిల్లల కోసం ఇళ్లు వెతకడం మొదలయ్యాక అమ్మకు పట్టపగ్గాల్లేవు. చూడటానికి వచ్చినవాళ్లను సోఫాలో కూర్చోబెట్టి సంబంధం మాట్లాడినట్టే మాట్లాడింది. మా అబ్బాయి దుబాసీ. ఆమె “సొంతిల్లా?” అంటే వాడు మీకు గార్డెన్ ఉందా అని మార్చి అడిగేవాడు. “నేనడిగింది అది కాదురా” అని అమ్మ వెంటనే పట్టుకునేది. నిజానికి అడగాల్సిందే అది. ఇక్కడ అద్దె ఇళ్లలో కుక్కను పెంచాలంటే చాలాచోట్ల ఇంటి యజమాని ఒప్పుకోవాలి. ఒక కుర్ర జంట ఆ సంగతే ఆలోచించలేదు. ఇంకొకళ్లను “పగలంతా ఇద్దరూ ఉద్యోగానికెళితే ఇదెవరి దగ్గరుంటుంది?” అని అమ్మ అడిగింది. వాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని, వచ్చే ఏడాది చూస్తామని లేచారు. మర్యాదకు పోయి నేను ఆ రెండూ అడిగేదాన్ని కాదు.

మొండి ఎర్ర పట్టీది వేట కుక్కలకు శిక్షణ ఇచ్చే ఒకాయన దగ్గరికి వెళ్లింది. 5లు వచ్చినదాన్ని, చిన్నపిల్లలు లేని ఇల్లని, రిటైరైన ఒక నర్సుగారికి ఇచ్చాం. ఆమె రెండుసార్లు వచ్చి నేల మీద కూర్చుని, అది తనంతట తను దగ్గరికి వచ్చేదాకా ఊరికే కూర్చుంది. అమ్మ ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, కాఫీ ఇచ్చింది.

పంపే ముందు మిగిలిన పనులన్నీ అయ్యాయి. నులిపురుగుల మందు, మొదటి టీకా, చట్టం ప్రకారం ఎనిమిది వారాల్లోపు మైక్రోచిప్. ఎప్పుడైనా ఉంచుకోలేకపోతే పిల్లను మాకే తిరిగి ఇవ్వాలని ఒప్పందంలో రాశాం. “ఇచ్చేసిన పిల్లను మళ్లీ తెచ్చుకుంటారా?” అంది అమ్మ. కాసేపాగి, “మంచిదే” అంది.

ఇప్పుడు మా అమ్మాయి అమ్మమ్మ ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో ఒక ఫారంగా టైపు చేసింది, మళ్లీ ఎప్పుడైనా పిల్లలు పుడితే పనికొస్తుందని. సొంతిల్లా అద్దిల్లా అన్నదే మొదటి ప్రశ్న. జీతం ప్రశ్న ఒక్కటే తీసేసింది. దానికి మా అమ్మ రాజమండ్రి నుంచి ఫోన్‌లో ఇంకా వాదిస్తూనే ఉంది.