కరిగెటకు ముందు హాఫ్ కేజ్ వీల్స్ బిగింపు

యాసంగి నాట్లు దగ్గర పడ్డాయి. అంతకు ముందు కరిగెట, అంటే పొలానికి నీళ్లు పెట్టి బురదగా దున్నడం, చేయాలి. పాకాల చెరువు ఆయకట్టు కింద మా పొలం నల్లరేగడి, నీళ్లు పెడితే మోకాలి దాకా దిగుతుంది. నడిపేది బాపు. ట్రాక్టర్‌ను సిద్ధం చేసి పెట్టడం సెలవు రోజుల్లో నాకు ఇష్టమైన పని. ఈసారి పాత హాఫ్ కేజ్ వీల్స్ పని పట్టాను. ఇవి బురదలో పట్టు కోసం వెనక టైర్ల పక్కన బిగించే ఇనుప పట్టీల చక్రాలు.

మా వెనక టైర్లు 13.6-28, అంటే వెడల్పు 13.6 అంగుళాలు, రిమ్ము వ్యాసం 28 అంగుళాలు. వీటిని విప్పక్కర్లేదు, కేజ్ వీల్‌ను బయటివైపు నుంచి చక్రం మధ్యలోని డిస్కుకు బోల్టులతో బిగిస్తాం. బురదలో టైరు గాడుల్లో మట్టి నిండితే చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. అప్పుడు ఇనుప పట్టీలే పట్టు ఇస్తాయి.

శనివారం వంగిన పట్టీలను వెల్డింగ్ షాపులో సరిచేయించి, బోల్టులు కూర్చునే చోట తుప్పు, పాత పెయింటు వైర్ బ్రష్‌తో గీకేశాను. ఆ పొర మధ్యలో ఉండిపోతే పనిలో నలిగిపోయి బిగింపు వదులవుతుంది.

ఆదివారం పొలం పక్కన కల్లంలో పని. గట్టి నేల చూసి, ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, ఇంజిన్ ఆపి గేరులో ఉంచి, బ్రేక్ లాక్ చేశాం. జాకీ కింద మందపాటి చెక్క. తమ్ముడు కేజ్ పట్టుకుంటే నట్లన్నీ ముందు చేత్తో ఎక్కించాను, తర్వాత ఎదురెదురు నట్లను కొంచెం కొంచెంగా బిగించుకుంటూ వచ్చాను. ఒక పక్క నుంచే బిగిస్తూ పోతే చక్రం ఒరిగి కూర్చుంటుంది. పానాకు పైపు తొడిగి బలం పెట్టింది మాత్రం జాకీ దించాకే. జాకీ మీదున్న బండిని ఊపడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. బరువు పడితే టైరు పక్కకు ఉబ్బుతుంది, అందుకని కేజ్‌కు, టైరుకు మధ్య సందు ఉందో లేదో దించాక మళ్లీ చూశాను.

బాపు కాసేపు దున్నాక బండి ఆపించి పానా వేశాను. దాదాపు ప్రతి నట్టూ ఇంకొంచెం తిరిగింది! ఈ రెండో బిగింపు అసలు వదలకూడదు. ఇది చేయకపోతే బోల్టు రంధ్రాలు అరిగి పెద్దవవుతాయి. ఇప్పుడు ప్రతి నట్టు మీద, పక్కన డిస్కు మీద కలిపి తెల్ల పెయింటుతో గీత గీశాను. గీత తప్పితే నట్టు కదిలినట్టే, దూరం నుంచే కనిపిస్తుంది.

వీటితో తారు రోడ్డు ఎక్కొద్దు. రోడ్డు చెక్కుకుపోతుంది, అదురుకు బోల్టులూ వదులవుతాయి. గట్టు దగ్గరే విప్పి ట్రాలీలో వేసుకొస్తాం. ఎడమవైపు ఒక బోల్టుకు మరలు అరిగాయి, వచ్చే వారం నర్సంపేటలో కొత్తది తేవాలి.