లక్నవరం దారిలో గోవా లెక్కలు

హన్మకొండ నక్కలగుట్ట నుంచి పొద్దున్నే బయల్దేరాం. ఒక ఇన్నోవాలో నేను, మా బామ్మర్ది, అతని దోస్తులు నలుగురు. ఇంట్లో చెప్పింది రామప్ప, లక్నవరం చూసొస్తామని. అది నిజమే కానీ, కుర్రాళ్ళకి నాతో వేరే పని ఉంది. గోవా వెళ్లి క్యాసినోలో పోకర్ ఆడాలని ఐదుగురూ చాన్నాళ్ళుగా అనుకుంటున్నారు. నేను డాలస్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడి క్లబ్బుల్లో, వేగస్ పోయినప్పుడు అక్కడి కార్డ్ రూముల్లో ఏళ్ళ తరబడి చిన్న టేబుళ్ళ మీద ఆడుతున్నాను. "బావా, నువ్వొచ్చినప్పుడే అన్నీ అడిగి తెల్సుకోవాలె" అని బామ్మర్ది నేను విమానం ఎక్కకముందు నుంచే ఫోన్లో అంటున్నాడు.

ఆత్మకూరు దాటకముందే ప్రశ్నలు మొదలయ్యాయి. ఏ ముక్కలొస్తే ఆడాలె, బ్లఫ్ ఎప్పుడు కొట్టాలె, ఎదుటోడి మొహం చూసి ఎట్ల కనిపెట్టాలె. నేను దేనికీ జవాబు చెప్పలేదు. తక్కువ డబ్బుతో ఆడేవాడి మొదటి నిర్ణయం పత్తాలు చేతికొచ్చాక తీసుకునేది కాదు, కుర్చీలో కూర్చోకముందు తీసుకునేది. ఏ టేబుల్, ఎంత పెట్టి కూర్చోవాలి, ఎవరి పక్కన, ఎప్పుడు లేవాలి. ఇవి సరిగ్గా కుదిరితే ఓ మోస్తరు ఆటగాడు కూడా నిలబడతాడు. ఇవి తప్పితే ఎంత బాగా ఆడినా జేబు ఖాళీయే. నేను చూసినంతలో ఇంతకంటే గట్టిగా చెప్పగలిగింది ఇంకోటి లేదు.

ములుగు దగ్గరికొచ్చాక గట్టమ్మ తల్లి గుడి దగ్గర ఆగాం. మేడారం పోయేవాళ్ళు ముందు ఇక్కడ మొక్కి కదులుతారు. మేము మేడారం పోకపోయినా ఆ దారిన పోతూ ఆగకుండా ఉండటం మా ఇంట్లో లేదు. కొబ్బరికాయ కొట్టి, పక్కనే చాయ్ తాగుతుంటే రియల్ ఎస్టేట్ చేసే పిల్లాడు అడిగాడు. "అన్నా, గోవా దాకా ఎందుకు? మన దగ్గరనే ఏ ఫామ్‌హౌస్‌లనో ఆడుకోవచ్చు గదా?"

వద్దని సూటిగా చెప్పాను. మన దగ్గర డబ్బులు పెట్టి ఆడితే కేసవుతుంది. 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. 1968లో సికింద్రాబాద్‌కి చెందిన ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యం ఉన్న ఆటగా ఒప్పుకుంది. కానీ 2017లో తెలంగాణ ఆ చట్టాన్ని సవరించి రమ్మీకి ఉన్న ఆ వెసులుబాటు కూడా తీసేసింది. ఆన్‌లైన్‌లో డబ్బులాటని కూడా అప్పుడే రాష్ట్రంలో ఆపారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో ఆన్‌లైన్ ఆటకి దేశమంతా అదే పరిస్థితి. గోవాలో 1976 చట్టానికి తర్వాత చేసిన సవరణల వల్ల మాండోవి నది మీది ఓడల్లో లైసెన్సుతో ఆట నడుస్తుంది. 21 ఏళ్ళు నిండి ఉండాలి. ఫామ్‌హౌస్ ఆటలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. పత్తాలు పంచేది ఎవరో, పాట్‌లోంచి (అందరి పందేలూ చేరే కుప్పలోంచి) ఎంత తీస్తున్నారో, గెలిచిన డబ్బు చేతికొస్తుందో రాదో ఎవరూ పూచీ ఇవ్వరు. చిన్న డబ్బుతో ఆడేవాడు అలాంటి చోట అడుగు పెట్టకూడదు.

జంగాలపల్లి దగ్గర మలుపు తిరిగి పాలంపేట చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. రామప్ప గుడి గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో గుర్తింపొచ్చింది, గోపురం ఇటుకలు నీళ్ళ మీద తేలతాయి. చిన్నప్పుడు స్కూలు వాళ్ళు తీసుకొచ్చినప్పుడు చూసిన ఆ నల్లరాతి మదనికల నునుపు మీద ఇప్పుడు కూడా కళ్ళు ఆగిపోయాయి. అక్కడ ఉన్నంతసేపూ పోకర్ మాట రాలేదు. రానివ్వలేదు కూడా.

బయటికొచ్చి చెట్టు కింద పులిహోర తింటూ వాళ్ళకి వేగస్‌లో ఒక శనివారం రాత్రి చూసిన రెండు టేబుళ్ళ గురించి చెప్పాను. రెండూ ఒకే గదిలో, పక్కపక్కనే, రెండూ 1-3 డాలర్ల బ్లైండ్సే, అంటే పత్తాలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే చిన్న, పెద్ద (బిగ్) పందేలు. మొదటి టేబుల్‌కి తొమ్మిది మంది. చెవుల్లో హెడ్‌ఫోన్లు, ఒక్కొక్కరి ముందు 600 డాలర్లకి తక్కువ లేదు. ఒకరు రెయిజ్ చేస్తే (పందెం పెంచితే) మిగతా ఎనిమిది మంది పత్తాలు పడేస్తున్నారు. పాట్‌లు పది, పదిహేను డాలర్లలో అయిపోతున్నాయి. రెండో టేబుల్ మీద ఎవరి పుట్టినరోజో జరుగుతోంది. ప్రతి హ్యాండ్‌లో, అంటే పత్తాలు పంచిన ప్రతిసారీ, ఐదారుగురు మూడేసి డాలర్లు వేసి ఫ్లాప్ (టేబుల్ మీద అందరికీ ఉమ్మడిగా తెరిచే మొదటి మూడు ముక్కలు) చూస్తున్నారు. ఒకాయన పర్సులోంచి మళ్ళీ ఒక వంద నోటు తీసి చిప్స్ (డబ్బుకి బదులు వాడే బిళ్ళలు) అడుగుతున్నాడు. ముందున్న చిప్స్ కుప్పలు ఒకటి 80, ఒకటి 450, ఒకటి 120. నవ్వులు, కబుర్లు.

ఖాళీ ఉన్నది మొదటి టేబుల్‌లో. టేబుళ్ళు చూసుకునే క్యాసినో ఉద్యోగి రమ్మన్నా వెళ్లలేదు. రెండోదానికి పేరు రాయించి, గోడ పక్కన నిలబడి నలభై నిమిషాలు ఆట చూశాను. ఆ నలభై నిమిషాలు కూడా ఆటలో భాగమే. ఎవరు ఏ ముక్కలతో చివరిదాకా వస్తున్నారో డబ్బు పెట్టకుండా చూసే అవకాశం మళ్ళీ దొరకదు.

"మరి హోటల్, టికెట్ పెట్టుకోని పోయి నిలబడి చూసుడేందన్నా?" అన్నాడు ఒకడు. అదే అసలు టెన్షన్. ఖర్చు పెట్టుకుని వచ్చాం కదా అని ఏదో ఒక టేబుల్‌కి కూర్చునేవాళ్ళ డబ్బుతోనే మిగతావాళ్ళు ఇంటికి పోతారు.

చల్వాయి దగ్గర లోపలికి తిరిగి లక్నవరం చేరేసరికి మధ్యాహ్నం. వేలాడే వంతెన మీద నడుస్తుంటే కాళ్ళ కింద కదులుతుంది, ఆ కదలికకి కుర్రాళ్ళ కేకలు. కాకతీయుల నాటి చెరువు, చుట్టూ అడవి, మధ్యలో దీవులు. సాయంత్రం దాకా పడవలో తిరిగి, రాత్రి గదిలో దుప్పటి పరిచి చిప్స్ పెట్టెలు తెరిచాను. ఒక్క రూపాయి లేని ఆట అని ముందే చెప్పాను. ఒక్కొక్కరికి 300 చిప్స్, బ్లైండ్స్ 1-3. కాకపోతే ఒక షరతు పెట్టాను. క్యాసినో ఎట్లా తీసుకుంటుందో అట్లాగే ప్రతి పాట్‌లోంచి పదో వంతు, ఐదుకి మించకుండా, పక్కనున్న స్టీలు గ్లాసులో పడాలి. గెలిచినవాడు డీలర్ టిప్పు కింద ఇంకో చిప్ వేయాలి.

రియల్ ఎస్టేట్ పిల్లాడు మొదటి హ్యాండ్ నుంచే ప్రతిదానికీ 15కి రెయిజ్. నేను అతనికి కుడిపక్కన పడ్డాను. అంటే నా వంతు ముందు, అతని వంతు నా తర్వాత. నేను మూడు వేసి లోపలికి వస్తే అతను 15 చేస్తాడు, మిగతావాళ్ళు ఏం చేస్తారో తెలియకుండా నేను మళ్ళీ తేల్చుకోవాలి. గంట తర్వాత అతనికి ఎడమపక్కకి మారతానన్నాను. ఎందుకో వాళ్ళకి అర్థం కాలేదు. కాసేపటికి నాకు ఇస్పేటు ఆసు, కళావరు రాజు వచ్చాయి. అతను అలవాటు ప్రకారం 15 అన్నాడు. ఈసారి అది విన్నాక నా వంతు. 45 చేశాను. మిగతావాళ్ళంతా పడేశారు, అతనొక్కడే కలిపాడు. పాట్ 94. ఫ్లాప్‌లో రాజు, ఏడు, రెండు. అతను చెక్ (పందెం పెట్టకుండా వదిలాడు), నేను 50, అతను కాల్ (అంతే కలిపాడు). నాలుగో ముక్క నాలుగు. మళ్ళీ చెక్, నేను 100, మళ్ళీ కాల్. ఐదోది ఏదో చిన్న ముక్క, ఇద్దరం చెక్. అతని దగ్గర రాజు, తొమ్మిది. నా ఆసు ముందు ఆ తొమ్మిది చాలలేదు. 394 చిప్స్ పాట్.

"నీ దిక్కు నుంచి చూస్తే నేను ప్రతిసారి ముందు చెప్పేసిన గదన్నా" అన్నాడు వాడే. అంతే. దూకుడుగా ఆడేవాడు మన కుడిపక్కన ఉండాలి, జాగ్రత్తగా ఆడేవాడు ఎడమపక్కన. కార్డ్ రూముల్లో కుర్చీ ఖాళీ అయితే ముందు ఎవరు అడిగితే వాళ్ళకిస్తారు. అడగడానికి మొహమాటపడకూడదు.

ఇంకో సంగతి కూడా అక్కడే చూపించాను. ఒకడు సరదాగా, అందరం స్ట్రాడిల్ (పత్తాలు చూడకముందే బిగ్ బ్లైండ్‌కి రెట్టింపు పెట్టే పందెం) పెడదాం, ప్రతి హ్యాండ్‌కీ ఆరు అన్నాడు. అందరూ సరే అన్నారు. 300 చిప్స్ అంటే అప్పటిదాకా వంద బిగ్ బ్లైండ్స్, ఆ ఒక్క మాటతో యాభై అయ్యాయి. బోర్డు మీద 1-3 అని రాసి ఉన్నా ఆడుతున్నది 3-6. చిన్న డబ్బుతో వచ్చినవాడు బోర్డు చూడటంతో ఆగకుండా టేబుల్ మీద ఏం నడుస్తోందో అడగాలి. అలవాటుగా స్ట్రాడిల్ పెట్టే టేబుల్ అయితే లేచి వేరే దానికి మారాలి.

పత్తాలు సర్దేసి లెక్క చూశాం. నేను 340 పైన, మెడికల్ షాపు పిల్లాడు 60 పైన. మిగతా నలుగురు కలిసి 612 పోగొట్టుకున్నారు. అందులో 212 మాకెవరికీ రాలేదు. గ్లాసులో ఉన్నాయి.

ఆ గ్లాసు చూసి వాళ్ళు మాట్లాడకుండా ఉండిపోయారు. నేను ఏ పుస్తకం చదివి చెప్పినా ఇంతలా ఎక్కేది కాదు. ఆరుగురిలో రెండో స్థానంలో ఉన్నవాడికంటే గ్లాసు మూడు రెట్లకి పైగా గెలిచింది. నిజం టేబుల్‌లో గంటకి సుమారు 30 హ్యాండ్లు పడతాయి. తొమ్మిది మందిలో ఒక్కొక్కరి వాటాకి మూడు పాట్‌లు. ఒక్కోదాంట్లో రేక్ (పాట్‌లోంచి క్యాసినో తీసుకునే వాటా), టిప్పు కలిపి ఐదు డాలర్లనుకున్నా గంటకి 15, అంటే 1-3లో ఐదు బిగ్ బ్లైండ్స్. అన్ని ఖర్చులూ పోను గంటకి ఐదు నుంచి పది బిగ్ బ్లైండ్స్ మిగిల్చేవాడిని మంచి ఆటగాడంటారు. కాబట్టి రేక్ ఎంత, దానికి హద్దు ఎంత అన్నది ముందే తెలుసుకోవాల్సిన విషయం. టెక్సాస్ క్లబ్బుల్లో పాట్‌లోంచి తీయరు, అక్కడి చట్టం ఒప్పుకోదు. కూర్చున్న సమయానికి గంటల లెక్కన కడతాం. అక్కడ నిద్రమత్తులో కూర్చోవడం కూడా ఖర్చే. లాస్ ఏంజెలిస్‌లో నలభై డాలర్లతో కూర్చునే టేబుళ్ళు ఉన్నాయి, చూడ్డానికి పేదవాడి ఆటలా ఉంటాయి. కానీ అక్కడ హ్యాండ్‌కి ఇంతని తీసేస్తారు, చిన్న పాట్‌లలో అది మోయలేని భారం. తక్కువ బై-ఇన్ (టేబుల్‌కి కూర్చునేటప్పుడు పెట్టే డబ్బు) అంటే తక్కువ ఖర్చని కాదు.

నేను డాలస్‌లో ఆటకోసం విడిగా ఒక ఖాతా పెట్టుకున్నాను. 200 డాలర్ల బై-ఇన్‌కి ఇరవై రెట్లు, అంటే 4000. ఇంటి అద్దె, అమ్మకి పంపే డబ్బు దాని జోలికి రావు, అది వాటి జోలికి పోదు. అక్కడ అంతకంటే చిన్న టేబుల్ దాదాపు దొరకదు కాబట్టి, ఆ డబ్బు సగానికి తగ్గితే కింది మెట్టుకి దిగే దారి లేదు. 120తో కూర్చోవడమో, జీతాల్లోంచి మళ్ళీ కూడబెట్టేదాకా ఆగడమో. నేను రెండోదే చేస్తాను.

మర్నాడు తిరుగుదారిలో బామ్మర్ది ఫోన్లో క్యాలిక్యులేటర్ తీశాడు. తలా 30 వేలు అనుకున్నారట. కాజీపేట నుంచి సికింద్రాబాద్, అక్కడి నుంచి వాస్కో రైలు, రెండు రాత్రుల గది, తిండి, క్యాసినో ప్రవేశ రుసుము కలిపి 12 వేలు వేశారు. మిగిలింది 18 వేలు. గోవాలో చిన్న టేబుల్ అన్నా బ్లైండ్స్ వందల్లోనే. 100-200 అనుకుంటే వంద బిగ్ బ్లైండ్స్‌కి 20 వేలు కావాలి. ఒక్క బై-ఇన్ కూడా నిండదు. గంటకి ఐదు బిగ్ బ్లైండ్స్ గెలిచేంత మొనగాడైనా గంటకి వెయ్యి. దారి ఖర్చు రాబట్టుకోవడానికే పన్నెండు గంటలు ఆడాలి. పైగా పత్తాలాటలో గెలిచినదాని మీద 30 శాతం పన్ను, ఓడిన డబ్బుని అందులోంచి తీసేయడానికి లేదు.

"అయితే పోవద్దా బావా?"

పోవద్దనలేదు. గోవా చూడటానికి పోతూ ఒక సాయంత్రం ఆడితే ఆ 12 వేలు ట్రిప్పు ఖర్చు. పోకర్ కోసమే పోతే అది టేబుల్‌కి చేరకముందే ఓడిన డబ్బు. ఈ రెండింట్లో ఏదో ముందే తేల్చుకోమన్నాను.

మెడికల్ షాపు పిల్లాడు అప్పటిదాకా ఊరుకున్నవాడు, "ఐదుగురివి కలిపి 90 వేలు ఒక్కనికిచ్చి కూసోబెడ్తే?" అన్నాడు. మంచి మాట. నాలుగున్నర బై-ఇన్‌లు అవుతాయి, తక్కువే కానీ 18 వేలతో ఐదుగురు విడివిడిగా కూర్చోవడం కంటే చాలా నయం. మిగతా నలుగురు తిరిగి టేబుళ్ళు చూసి చెప్పొచ్చు. లాభం పంపకం ఎట్లా, ఎంత పోతే లేవాలి, ఈ రెండూ రైలెక్కకముందే కాగితం మీద రాసుకోమన్నాను.

కూర్చునేది ఎవరన్నదాని మీద ములుగు నుంచి ఆత్మకూరు దాకా గొడవ. రియల్ ఎస్టేట్ పిల్లాడు తనే అన్నాడు. ముందురాత్రి లెక్క అందరికీ గుర్తుంది, మిగతా ముగ్గురూ మెడికల్ షాపు పిల్లాడి వైపే వేలు చూపించారు. వాడు మాత్రం ముందు క్యాసినోకి ఫోన్ చేద్దామన్నాడు. కనీస బై-ఇన్ ఎంత, రేక్ ఎంత, దానికి హద్దెంత, స్ట్రాడిల్ తప్పనిసరా, చిన్న టేబుల్ ఏ రోజుల్లో నడుస్తుంది. బామ్మర్ది వాటిని ఫోన్లో రాసుకున్నాడు. దీపావళికి అనుకున్న ప్రయాణం సంక్రాంతి తర్వాతకి జరిగింది. ఈలోపు తలా ఇంకో పదివేలు కలుపుతామన్నారు.