కంప్యూటర్ ఒకటే, విండోస్‌లు నాలుగు: లైసెన్స్ ఆడిట్‌లో నా అనుభవం

ఆడిట్ క్లియర్ అయిందని నిన్న సాయంత్రం మెయిల్ వచ్చింది. నెల రోజుల టెన్షన్ తీరింది.

హన్మకొండ నక్కలగుట్టలో నాది చిన్న అకౌంట్స్ ఆఫీసు. జీఎస్టీ రిటర్నులతో పాటు హైదరాబాద్ కంపెనీ ఒకదానికి బిల్లుల ఎంట్రీ చేస్తాం. మూడేళ్ల కింద మంచి కంప్యూటర్ కొని, వర్చువల్‌బాక్స్ (ఒకే కంప్యూటర్ లోపల మరికొన్ని కంప్యూటర్లు ఉన్నట్టు నడిపించే ప్రోగ్రాం) వేసి, అందులో మూడు వర్చువల్ మెషిన్లు, అంటే వీఎంలు, పెట్టాను. ఒక్కోదాంట్లో ఒక్కో విండోస్. ఒకదాంట్లో వైరస్ పడ్డా మిగతా డేటాకు ఏమీ కాదని నా ఆలోచన. ఒక్క పూటలో పనైపోయింది. కంప్యూటర్‌తో వచ్చిన విండోస్ కీనే (యాక్టివేట్ చేసే కోడ్) మూడింటిలోనూ కొట్టాను. యాక్టివేట్ కాలేదు. పని నడుస్తోంది కదా అని వదిలేశాను.

సద్దుల బతుకమ్మ ముందు రోజు ఆ హైదరాబాద్ కంపెనీ తరఫున ఒకతను లైసెన్సుల తనిఖీకి వచ్చాడు. పాతికేళ్లు కూడా ఉండవు. మా ఆఫీసులో పనిచేసే ఇద్దరమ్మాయిలు తంగేడు పూల కట్టలు పక్కన పెట్టుకుని, ఎప్పుడు పంపిస్తానా అని చూస్తున్నారు. అతను స్క్రీన్ కింద కుడి మూలన ‘యాక్టివేట్ విండోస్’ అని మసక మసకగా కనిపించే అక్షరాల మీద పెన్ను పెట్టి, "ఇదేంటండీ?" అన్నాడు.

"అది వీఎం అండీ. కంప్యూటర్ ఒకటే కదా."

"కంప్యూటర్ ఒకటే, విండోస్‌లు నాలుగు. నాలుగింటికీ బిల్లులు చూపించండి."

ఉన్న ఒక్క బిల్లు ఇచ్చాను. అందులో ఓఈఎం అన్న మాట కింద గీత గీశాడు. అది ఆ మెషిన్‌కే కట్టి ఉండే లైసెన్స్ అట, వీఎంలోకి తీసుకెళ్లడానికి వీల్లేదట. తర్వాత వర్చువల్‌బాక్స్ తెరిచాడు. అసలు ప్రోగ్రాం ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దాని మీద వేసే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ మాత్రం సొంత వాడకానికి, చదువుకు, పరీక్షించి చూడటానికే ఉచితం. యూఎస్‌బీకి పెట్టే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వీఎంలో పనిచేయాలని ఎప్పుడో వేశాను. అదీ రాసుకున్నాడు. ఆపై ఫోన్ తీసి వాళ్ల మేనేజర్‌తో, అందరికీ వినబడేలా, "మొత్తం పైరేటెడ్ సార్" అన్నాడు.

పూల కట్ట సర్దుతున్న అమ్మాయి చేతులు ఆగిపోయాయి. మా బాపు కరీమాబాద్‌లో 30 ఏళ్లు కిరాణం నడిపాడు. తూకం తేడా వచ్చిందని ఒక్కరూ అనలేదు. ఆయన కొడుకుని ఇతను నా ఆఫీసులో నా మనుషుల ముందే దొంగను చేశాడు. ఆ రాత్రి లైసెన్స్ ఒప్పందం వరుసగా చదివాను. ఒక లైసెన్స్‌కు ఒకే పరికరం, అది అసలు మెషిన్ అయినా వర్చువల్ అయినా సరే అని స్పష్టంగా ఉంది. అంటే అతను చెప్పిన రూలు నిజమే, తప్పు నాదే. కానీ ఆ మాట పక్కకు పిలిచి చెప్పొచ్చు. తనిఖీకి వచ్చేవాళ్లకు ముందు మనిషితో మాట్లాడటం నేర్పించాలి.

రెండు వారాల గడువు ఇచ్చారు. తొందరలో ఇంకో తప్పు చేశాను. ఒక షాపులో "లైఫ్‌టైం వస్తదన్నా, ఫికర్ చెయ్యకు" అంటే 1,600 ఇచ్చి రెండు కీలు కొన్నాను. బిల్లు లేదు, వాట్సాప్‌లో పంపాడు. వాళ్ల కుర్రాడే వచ్చి ఎక్కించి పోయాడు. అనుమానమొచ్చి కమాండ్ విండోలో, లైసెన్స్ గడువు చూపించే ‘ఎస్‌ఎల్‌ఎంజీఆర్ స్లాష్ ఎక్స్‌పీఆర్’ కొడితే గడువు తేదీ కనబడింది, సరిగ్గా 180 రోజులకు. విడిగా కొనే అసలైన రిటైల్ కీకి గడువు ఉండదు. లైసెన్స్ రకం చూపించే ‘స్లాష్ డీఎల్‌ఐ’ కొడితే వాల్యూమ్ అని వచ్చింది. పెద్ద కంపెనీలు తమ మెషిన్ల కోసం తీసుకునే రకం అది. డబ్బులు అడిగితే ఇప్పటికీ ఫోన్ ఎత్తడం లేదు. బిల్లు ఇవ్వని వాడి దగ్గర కీ కొనకండి.

చివరికి లెక్క వేసుకుంటే విండోస్ నిజంగా కావాల్సింది ఒక్క వీఎంకే, ట్యాక్స్ సాఫ్ట్‌వేర్ కోసం. దానికి రిటైల్ లైసెన్స్ కొన్నాను. 20 వేలు దాటింది, మనసు చివుక్కుమంది. కానీ రేపు ఈ వీఎం తీసేస్తే అదే లైసెన్స్ ఇంకోదానికి మార్చుకోవచ్చు. రెండోదాంట్లో విండోస్ బదులు ఉచితంగా దొరికే ఉబుంటు పెట్టి, ఎంట్రీ పని లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ ప్రోగ్రాంకు మార్చాను. మూడోది తీసేశాను. వర్చువల్‌బాక్స్ 7.0 నుంచి వేగవంతమైన యూఎస్‌బీ సపోర్ట్ అసలు ప్రోగ్రాంలోనే ఉంది, కాబట్టి ఎక్స్‌టెన్షన్ ప్యాక్ తీసేసినా టోకెన్ పనిచేస్తోంది.

మెయిల్ రాగానే ప్రింట్ తీసి ఆ ఇద్దరమ్మాయిలకు చదివి వినిపించాను.