కవరు ఏ వైపు అంటించి ఉంది?

మన బ్యాచ్ మళ్ళీ కలుసుకునే సందర్భంగా వేస్తున్న సంచిక కమిటీ తరఫున మన క్లాస్ లీడర్ ఫోన్ చేసి, "ఆక్యుపేషనల్ థెరపీ పీజీ రోజుల గురించి నువ్వు రాస్తున్నావు, ఆదివారంలోపు కావాలి" అంది. జబ్బో దెబ్బో తగిలినవాళ్ళు తమ రోజువారీ పనులు మళ్ళీ తామే చేసుకునేలా చూసే వృత్తి మనది. అప్పట్లో జర్నల్ క్లబ్ డ్యూటీలు వేసినట్టే. అడగటం ఉండదు, చెప్పటమే. సరే అని కూర్చున్నాక తెలిసింది, ఆ రెండేళ్ళలో సగానికి పైగా నాకు గుర్తే లేదని. బయోస్టాటిస్టిక్స్ ఎవరు చెప్పారో గుర్తులేదు. వైవాలో ఎక్స్‌టర్నల్ ఏమడిగారో గుర్తులేదు. గుర్తున్నదల్లా చేతిని సరైన భంగిమలో నిలిపి ఉంచే స్ప్లింట్లు చేయడం నేర్పిన స్ప్లింట్ మేడం, ఆవిడ గది, ఆ ఉత్తరం. మీలో చాలామంది ఇదే రాసి పంపుతారని అనుమానం. పంపితే పంపండి, నేను చెప్పేదే అసలు కథ.

ఆ గదిలో వాటర్ బాత్ ఎప్పుడూ పొగలు కక్కుతూ ఉండేది. వేడి మాత్రం 70 డిగ్రీలు దాటనిచ్చేవారు కాదు. వేడినీళ్ళలో మెత్తబడే థర్మోప్లాస్టిక్ షీటు మీద కత్తెర పడాలంటే ముందు కాగితం ప్యాట్రన్ పాస్ కావాలి. మణికట్టును వెనక్కి లేపి ఉంచే కాక్-అప్ స్ప్లింట్ అంచు అరచేతి పై గీత దాటి వచ్చిందా, మేడం మనల్ని ఏమీ అనేవారు కాదు. పేషెంటును పిడికిలి బిగించమనేవారు. వేళ్ళు ఎక్కడ అడ్డుపడి ఆగాయో చూసి మనమే ప్యాట్రన్ వెనక్కి తీసుకునేవాళ్ళం. కీళ్ళ కోణాలు కొలిచే పరికరం పేరు పెట్టి మనం గోనియోమీటర్ అని పిలిచేవాడు ఒకడున్నాడు కదా, వాడు గీసిన ప్యాట్రన్లు ఎన్ని చెత్తబుట్టలోకి వెళ్ళాయో ఆ బుట్టకే తెలియాలి. "మణికట్టు 30 వెనక్కి, పిడికిలి కీళ్ళు 70 ముందుకి, వేళ్ళు తిన్నగా" అని నిద్రలో కూడా గొణిగేవాడని వాడి రూమ్మేట్ చెప్పేవాడు. ఇప్పుడు కాలిన చేతుల కేసు ఏది వచ్చినా మనందరం ఫోన్ చేసేది వాడికే.

గుండీల నెల గురించి ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు కాబట్టి నేను క్లుప్తంగా చెబుతాను. యాక్టివిటీ అనాలిసిస్, అంటే ఒక పనిని ముక్కలుగా విడదీసి చూడటం, బ్యాచిలర్స్‌లోనే చదివేశాం కదా అనే ధీమాతో వచ్చాం. ఆవిడ చొక్కా గుండీ పెట్టుకోవడం ఒక్కటే రాసుకు రమ్మన్నారు. మన టాపర్ పేజీన్నరలో చక్కగా రాసుకొచ్చింది. మేడం చదివి, "గుండీ ఎంత పెద్దది? కాజా కొత్తదా, అరిగిందా? కూర్చుని పెట్టుకుంటున్నాడా, నిలబడా? పై గుండీ కళ్ళకు కనపడదు, మరి దాన్ని దేంతో చూస్తున్నాడు?" అని అడిగారు. టాపర్ ముఖం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. ఆ తర్వాత మన కుడి చేతులు స్లింగ్‌లో పెట్టించి అలాగే పోస్టింగ్‌కు పంపారు. దెబ్బతిన్న చేతికి ముందు తొడగాలి, విప్పేటప్పుడు దాన్ని చివర విప్పాలి. పుస్తకంలో ఇది ఒక్క లైను. మన క్లాసు భీముడు చొక్కాలో ఇరుక్కున్న రోజున అది ఒక అధ్యాయం అయింది. ఫోటో నా దగ్గరుంది, సంచికకు ఇవ్వను. భయపడకు భీమా.

ఇక ఉత్తరం.

వార్డులో చివరి మంచం. మెడ దగ్గర వెన్నుపాముకు దెబ్బ, సీ6, అంటే మెడ భాగంలో ఆరో స్థాయి. మోచేయి వంగుతుంది, మణికట్టు పైకి లేస్తుంది, వేళ్ళలో మాత్రం కదలిక లేదు. అన్నగారు పొద్దున్నే వచ్చి, తమ్ముడి వేళ్ళు బిగుసుకుపోతున్నాయన్న బెంగతో మణికట్టు వెనక్కి వంచి మరీ ఒక్కో వేలూ సాగదీస్తూ కూర్చునేవాడు. ఎంత ప్రేమో అని వార్డంతా మెచ్చుకునేది. మేడం ఆ మంచం పక్కన స్టూలు లాక్కుని, "ఒక్క నిమిషం ఆగండి బాబూ" అన్నారు. తమ్ముణ్ణి మణికట్టు పైకి లేపమన్నారు. వేళ్ళు వాటంతట అవే ముడుచుకున్నాయి. కిందికి వదిలెయ్యమన్నారు. తెరుచుకున్నాయి. "ఇదే మీ తమ్ముడికి మిగిలిన పట్టు. మీరు సాగదీస్తున్నది దీన్నే" అన్నారు అన్నగారితో. కోప్పడలేదు. మణికట్టు కిందికి వంచి ఉన్నప్పుడే వేళ్ళు చాపాలని, మణికట్టు లేపినప్పుడు వేళ్ళను ముడుచుకోనివ్వాలని ఆయన చేత చేయించి చూపించారు. ఈ పట్టునే టెనోడెసిస్ గ్రాస్ప్ అంటారు, దాని మీద నాలుగు మార్కుల షార్ట్ నోట్ అందరం రాసినవాళ్ళమే. అన్నగారు మాత్రం మనకన్నా ముందు నేర్చేసుకున్నాడు.

కేస్ ప్రెజెంటేషన్ టాపర్‌దే. రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలడో కొలిచే ఫిమ్ స్కోరు బోర్డు మీద వేసింది. 18 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 7, మొత్తం 126కి ఎంతో. లక్ష్యాలు వరసగా చదివింది: తినడం, పళ్ళు తోముకోవడం, పై బట్టలు వేసుకోవడం. మేడం అంతా విని, "ఇవి నీకు కావాలి. అతనికేం కావాలట?" అన్నారు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మర్నాడు మమ్మల్ని అడిగి రమ్మని పంపారు. అతను అన్నగారు మందుల కోసం కిందికి వెళ్ళేదాకా ఆగాడు. తనకు ఉత్తరాలు వస్తాయట. అన్నయ్యే చింపి, అన్నయ్యే గట్టిగా చదువుతాడట, పక్క మంచాల వాళ్ళు కూడా వింటారట. "నా ఉత్తరం నేనే చింపుకోవాలి మేడం" అన్నాడు. తనకు కావలసిన పనికి పేషెంటే 1 నుంచి 10 దాకా మార్కులు వేసే సీవోపీఎం అప్పటికి మనకు కొత్త, 1991లో వచ్చింది కదా. ప్రాముఖ్యం ఎంత అంటే 10. ఇప్పుడు ఎలా చేసుకుంటున్నారు అంటే 1. తృప్తి 1. ఉత్తరాలు ఎవరు రాస్తున్నారో మేం అడగలేదు. మీలో కొందరు అడిగారని తెలుసు, ఇప్పటికైనా చెప్పండి.

ఫిమ్‌లోని 18 అంశాల్లో ఉత్తరం ఎక్కడా లేదు. ఆ కేసు నాకూ, మన క్లాసులో అందరూ చిన్నక్క అని పిలిచే ఆవిడకూ పడింది. మేం ఉత్సాహంగా యూనివర్సల్ కఫ్ (అరచేతికి చుట్టి, అందులో పరికరం దూర్చుకునే పట్టీ), రబ్బరు మ్యాటు అంటూ మొదలుపెట్టాం. మేడం మొదటి ప్రశ్న: "కవరు ఏ వైపు అంటించి ఉంది?" పక్క అంచున అంటించి ఉంటే బ్లేడు ఒకలా వెళ్ళాలి, పొడుగు అంచున అయితే ఇంకోలా. కాగితం పలచనా, మందమా? ఇన్‌లాండ్ అయితే మూడు వైపులా జిగురు, లోపలంతా రాతే, ఎక్కడ కోసినా అక్షరాలు పోతాయి. చివరికి కుదిరింది ఇది: జారని మ్యాటు మీద కవరు, దాని మీద ఎడమ ముంజేయి బరువు, కుడి అరచేతిలోని కఫ్‌కు మొన లేని ఓపెనర్. చర్మానికి స్పర్శ లేదు కాబట్టి అంచులన్నీ అరగదీశాం. లోపలి కాగితాన్ని బయటికి లాగేది మాత్రం ఏ పరికరమూ కాదు, అతని మణికట్టే. పైకి లేపితే బొటనవేలు వచ్చి చూపుడు వేలి పక్కకు ఒత్తుకుంటుంది, ఆ ఒత్తిడి చాలు.

వారాలు పట్టింది. పాత కవర్లు హాస్టలంతా అడుక్కున్నాం. అంతా అయ్యాక మేడం ఇంకో ప్రశ్న వేశారు: "చదివాక ఎక్కడ దాచుకుంటాడు?" వీల్‌చైర్ పక్కన మణికట్టు తోసుకుని వెళ్ళేంత వెడల్పు మూతి ఉన్న గుడ్డ సంచి కుట్టింది చిన్నక్కే. అసలు ఉత్తరం వచ్చిన రోజున అతను మా ఇద్దర్నీ కర్టెన్ వేసి బయటికి వెళ్ళమన్నాడు. వెళ్ళాం. లోపల ఎంతసేపు పట్టిందో టైము చూసుకోవడం మర్చిపోయామని చెబితే మేడం నవ్విన ఒకే ఒక్క సందర్భం అది.

ఆ వారం జర్నల్ క్లబ్బులో ఆవిడ మనకు బార్టన్ కథ చెప్పారు. 1917 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రం క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో మన వృత్తి సంఘాన్ని మొదలుపెట్టిన కొద్దిమందిలో జార్జ్ బార్టన్ ఒకరు. ఆయన డాక్టరు కాదు, ఆర్కిటెక్టు. క్షయతో మంచాన పడి, ఎడమ వైపు పక్షవాతం వచ్చి, పనులు చేసుకుంటూ తనను తాను నిలబెట్టుకున్న మనిషి. ఆ సంఘానికి మొదటి అధ్యక్షుడు ఆయనే. "మీ వృత్తిని పెట్టినవాళ్ళలో ఒకడు పేషెంటు. గుర్తుపెట్టుకోండి" అని పుస్తకం మూసేశారు. మన వృత్తిలో పేరున్న మేరీ రైలీ 1961 ఉపన్యాసం మీద నాకు ఇచ్చిన సెమినార్ ఆ రోజు జరగనే లేదు. హాయిగా ఉంది.

రెండో సంవత్సరం గురించి చెప్పడానికేమీ లేదు. థీసిస్. సినాప్సిస్ తిరిగిరావడం, శాంపిల్ దొరక్కపోవడం, ప్రింటింగ్ షాపులో రాత్రిళ్ళు. మీ అందరిదీ అదే కథ.

ఇప్పుడు నా దగ్గర ఎం.ఓ.టి., అంటే మనం చేసిన పీజీయే, చేసేవాళ్ళు ఉన్నారు. విభాగం నా చేతికి వచ్చి కొన్నేళ్ళయింది. హ్యాండ్ క్లినిక్ రోజున వరండాలో కుర్చీలు చాలవు. గొప్పకు చెప్పడం లేదు, సరే, కొంచెం గొప్పకే. పిల్లలు మనకన్నా చాలా చదివి వస్తున్నారు. ఆక్యుపేషనల్ థెరపిస్టుల ప్రపంచ సమాఖ్య చెప్పే కనీసం 1000 గంటల ఫీల్డ్‌వర్క్ ముగించుకునే వస్తారు. స్కోర్లన్నీ ల్యాప్‌టాప్‌లో రంగుల గ్రాఫులతో చూపిస్తారు. నేను అంతా విని, "మరి వాళ్ళకేం కావాలట?" అంటాను. ఒకడు వెనక బెంచీలోంచి "మొదలెట్టారు" అని గొణగడం వినిపించింది మొన్న. నాకు కోపం రాలేదు, మన గోనియోమీటర్ ఇంతకన్నా ఘోరంగా గొణిగేవాడు.

ఉత్తరాలకు కాలం చెల్లింది. ఈ మధ్య ఇంకో సీ6 కుర్రాడు తన ఫోను లాక్ తనే తీసుకోవాలన్నాడు, తల్లికి నంబరు చెప్పకుండా. కేసు తీసుకున్న అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న: "ఫోనుకు కవరు ఉందా, వెనక జారుతుందా?" నేను నేర్పలేదు, తనే అడిగింది. ఆ రోజు ఇంటికి కాస్త ముందే వెళ్ళాను.

కమిటీకి ఒక్క మాట. మేడం వస్తున్నారని, వాకర్‌తో వస్తున్నారని చెప్పారు. హాలు ఫోటో చూశాను. ముందు రెండు మెట్లున్నాయి. ఒక్కోటీ ఆరంగుళాలు అనుకున్నా అడుగు ఎత్తు, అంటే 1:12 లెక్కన పన్నెండడుగుల ర్యాంపు కావాలి, రెండు వైపులా పట్టుకోవడానికి రెయిలింగ్‌తో. చెక్క పలక ఒకటి వాల్చి అయిందనిపించకండి. ఆవిడ బ్యాగులో కొలత టేపు ఇప్పటికీ ఉంటుంది.