బ్రోకెన్ కొండ మీద బూడిదరంగు అడవి

జర్మనీలోని హానోవర్ నుంచి గోస్లార్ మీదుగా వెర్నిగెరోడె చేరేసరికి తొమ్మిదిన్నర. అక్కడి నుంచి బ్రోకెన్ కొండకు వెళ్లే పొగబండి టికెట్టు ధర చూసి గుండె గుభేలుమంది. రెండు గంటలైనా పట్టని ప్రయాణానికి అంత డబ్బా? పైకి వెళ్లడానికి మాత్రమే టికెట్టు కొని, దిగేటప్పుడు నడవాలని నిశ్చయించుకున్నాను. ఈ యాత్రలో నేను చేసిన మంచి పని అదే.

హార్జ్ కొండలంటే నా మనసులో ఒక క్యాలెండర్ బొమ్మ ఉండేది. నల్లగా కనిపించేంత చిక్కటి పచ్చదనం, నిటారుగా, సూదుల్లాంటి ఆకులతో స్ప్రూస్ చెట్లు. ద్రై అన్నెన్ హోనె స్టేషన్లో ఇంజను నీళ్లు పట్టుకుని, షీర్కె దాటి ఎక్కుతుండగా ఆ బొమ్మ చెరిగిపోయింది. కిటికీకి రెండు వైపులా ఆకు లేని, బెరడు ఊడిన మోళ్లు. వాలు తర్వాత వాలు, అంతా బూడిదరంగే. ఎప్పుడో కార్చిచ్చు రేగిందేమో అనుకున్నాను.

“మంట కాదు, పురుగు” అన్నారు ఎదురుగా కూర్చున్న పెద్దాయన. ఎనభైకి దగ్గర పడి ఉంటారు. 2018 నుంచి వరుసగా మూడేళ్లు కరవు. స్ప్రూస్ వేళ్లు లోతుకు పోవు. ఒంట్లో నీరున్నప్పుడు ఆ చెట్టు, బెరడు తొలిచే పురుగును జిగురు కార్చి ముంచేస్తుంది. ఎండిన చెట్టుకు ఆ జిగురు ఊరదు. అర సెంటీమీటరు పురుగుకు కొండలకు కొండలే లోకువైపోయాయి.

నాకొచ్చిన జర్మన్‌లో అడుగుతూ పోయాను, ఆయన ఓపికగా చెబుతూ వచ్చారు. శిఖరం దగ్గర స్ప్రూస్ సహజమే. కింది వాలుల్లో ఒకప్పుడు ఆకురాల్చే బీచ్ చెట్ల అడవి ఉండేది. గనుల దూలాలకూ, లోహం కరిగించే బొగ్గుకూ దాన్ని నరికేసి, త్వరగా తిన్నగా పెరుగుతుందని స్ప్రూస్ నాటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పడమటి హార్జ్‌లో బ్రిటిష్ వాళ్లు నష్టపరిహారం కింద కలప కొట్టుకుపోయారు. ఆ బోడి కొండల మీద మళ్లీ మొక్కలు నాటిన ఆడవాళ్లలో ఆయన తల్లి ఒకరు.

“రోజంతా వంగి నాటేది. అవన్నీ స్ప్రూస్ మొక్కలే. అమ్మ చేసింది తప్పని మాత్రం నేను అనను” అన్నారు. తర్వాత చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు.

నేనూ అనను. కానీ 2016లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం అప్పటి నుంచి నన్ను వదలలేదు. 1750 నుంచి యూరప్‌లో అడవుల విస్తీర్ణం దాదాపు పది శాతం పెరిగింది. అయినా వాతావరణం చల్లబడలేదు. కలప తరలించడం వల్ల ఆ అడవులు 310 కోట్ల టన్నుల కార్బన్ బాకీ పడ్డాయి, అంటే అంత కార్బన్ వాటిలోంచి పోయి ఇంకా తిరిగి చేరలేదు. వేసవిలో నేలకు దగ్గరగా ఉండే గాలి పొర 0.12 డిగ్రీలు వేడెక్కింది. అందుకు ప్రధాన కారణం ఆకురాల్చే చెట్ల స్థానంలో స్ప్రూస్, పైన్ వంటి సూదాకుల చెట్లు పెట్టడం. అడవి పెరిగితే చల్లదనం పెరుగుతుందని నమ్ముతూ వచ్చిన నాకు ఇది ఇప్పటికీ మింగుడుపడదు.

ఇందులోని కిటుకు మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. ఎండాకాలం డాబాకు సున్నం కొట్టేది వెలుగును తిప్పికొట్టడానికి. సాయంత్రం మా అమ్మమ్మ వాకిట్లో నీళ్లు చల్లేది, అవి ఆవిరవుతూ వేడిని తీసుకుపోతాయని. ఈ రెండు పనుల్లోనూ బీచ్ కంటే స్ప్రూస్ వెనకబడే ఉంటుంది. ముదురు రంగు కనుక వెలుగును తాగేస్తుంది, శీతాకాలంలోనూ ఆకు రాల్చక తెల్లటి మంచును కప్పేస్తుంది. గాలిలోకి నీటి ఆవిరినీ తక్కువగా వదులుతుంది. ఉష్ణమండలంలో లెక్క వేరు. అక్కడ మంచు లేదు, వానలు ఎక్కువ, అడవి గట్టిగానే చల్లబరుస్తుంది.

శిఖరం గురించి చెప్పేదేమీ లేదు. 1141 మీటర్లు, గాలి, జనం.

ఇల్జెన్‌బుర్గ్ వైపు దిగాను. జూలై ఎండ. చచ్చిన చెట్లకు నీడ ఉండదన్నది అక్కడ నడిస్తేగాని అర్థం కాలేదు. జాతీయ ఉద్యానవనం కనుక వాటిని తొలగించకుండా అలాగే వదిలేశారు. మొదట్లో అది నిర్లక్ష్యమనిపించి కోపం వచ్చింది. వంగి చూస్తే మోళ్ల మధ్య మోకాలెత్తు బర్చ్, రోవన్ మొక్కలు, వాటి పక్కనే ఎవరూ నాటని స్ప్రూస్ పిల్లలు. ఇల్జె వాగు వెంట బాగా కిందికి వచ్చాక బీచ్ చెట్లు మొదలయ్యాయి. పది అడుగుల్లో మెడ మీద చెమట చల్లబడింది. చచ్చిన అడవి నుంచి వస్తున్నాను కనుక ఈ పోలిక న్యాయమైనది కాదని తెలుసు. అయినా ఒక రాయి మీద కూర్చుని అరగంట లేవలేదు.

బండి దిగే ముందు ఆ పెద్దాయన, పాత యాభై ఫెనిగ్ నాణెం మీద ఉన్నది మా అమ్మలాంటి ఆడవాళ్లేనని అన్నారు. ఇల్జెన్‌బుర్గ్ స్టేషన్లో రైలు కోసం ఎదురుచూస్తూ ఫోనులో ఆ బొమ్మ వెతికాను. తలకు గుడ్డ కట్టుకున్న స్త్రీ మోకాలి మీద వంగి, చేతిలో మొక్కను నేలలో పెడుతోంది. బొమ్మను పెద్దది చేసి చూశాను. ఆకుల అంచులు వంకీలు తిరిగి ఉన్నాయి. అది ఓక్ మొక్క.