ఆఫీసు సమాచారానికి ఆడిట్: ముందు అడగాల్సింది ఆర్టీఐ రిజిస్టర్

ప్రభుత్వ ఆఫీసులో సమాచారం ఎలా నడుస్తోందో చూడమంటే చాలామంది కంప్యూటర్లు లెక్కపెట్టడంతో మొదలుపెడతారు. ముందు గత ఏడాది ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తుల రిజిస్టర్ అడగండి. జనం ఏం అడిగారో అంశాలవారీగా విడదీయండి. ఒకే సంగతి పదే పదే అడుగుతున్నారంటే, అడక్కముందే బయటపెట్టాల్సింది లోపలే ఉండిపోయిందని అర్థం.

సమాచార హక్కు చట్టం 2005లోని సెక్షన్ 4(1)(బి) కింద 17 అంశాలు ప్రకటించాలి, ఏటా సవరించాలి. వెబ్‌సైట్‌లో 17 శీర్షికలూ కనిపించాయని టిక్కులు పెట్టి వచ్చేస్తే అది ఆడిట్ కాదు. 16వ అంశం పీఐవో, అంటే జనానికి సమాచారమిచ్చే అధికారి పేరు, హోదా; బదిలీలైన నెలలో చూడండి, పాత అధికారి పేరే ఉంటుంది. 12వ అంశం సబ్సిడీ పథకాలది. కేటాయించిన మొత్తం, లబ్ధిదారుల వివరాలు ఇమ్మని చట్టం స్పష్టంగా చెబుతోంది. పేజీ తెరిస్తే పథకం గొప్పతనం తప్ప జాబితా ఉండదు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద లోపం ఇదే.

తర్వాత ఓ పది కాగితాలు ఎంచుకుని తపాలులో అందినప్పటి నుంచి జవాబు వెళ్లేదాకా వెంబడించండి. వచ్చిన కాగితాలు పంచే డిస్ట్రిబ్యూషన్ రిజిస్టర్‌లో తేదీ, ఏ సీటుకు (ఏ గుమాస్తాకు) వెళ్లింది, ఆ గుమాస్తా రాసుకునే పర్సనల్ రిజిస్టర్‌లో ఎప్పుడెక్కింది, ఎక్కడ ఆగింది. ఈ వివరాలు పక్కపక్కన రాస్తే చాలు, జాప్యం ఏ సీటు దగ్గరో తేలిపోతుంది.

రికార్డు రూములో ముగిసిన ఫైళ్లు తీయించండి. ఫైలును ఎన్నాళ్లు దాచాలో దాని మీద వేసే ముగింపు గుర్తు చెబుతుంది: ఆర్.డిస్ అంటే శాశ్వతం, డి.డిస్ అంటే 10 ఏళ్లు. భూమి హక్కుకు సంబంధించిన ఫైలుకు తొందరలో డి.డిస్ వేసేస్తే, పదేళ్ల తర్వాత అది చెత్తలోకి పోతుంది, ఆ రైతు కోర్టులో చూపించడానికేమీ మిగలదు. అందుకే ముగింపు గుర్తులను విడిగా పరీక్షించాలి.

ఫైళ్లను కంప్యూటర్‌లో నడిపే ఈ-ఆఫీస్ వచ్చాక ఇంకో చిక్కు. స్కాన్ చేసి, విషయం దగ్గర ‘వినతి - గురించి’ అని మాత్రమే రాస్తారు. వెతికితే అలాంటివి వందలు తగుల్తాయి. విషయంలో గ్రామం, సర్వే నంబరు, పని పేరు మూడూ ఉండాలి. రికార్డులకు సూచిక ఉండాలన్నది సెక్షన్ 4(1)(ఎ) మాటే.

నివేదికలో ప్రతి లోపం పక్కన సీటు నంబరు, సరిదిద్దాల్సిన తేదీ, మళ్లీ తనిఖీ చేసే తేదీ రాయండి. కేంద్ర సంస్థలకైతే సెక్షన్ 4 కింద చేసే వెల్లడిని ఏటా బయటివారితో ఆడిట్ చేయించాలని 2013 ఏప్రిల్ మార్గదర్శకాలున్నాయి. రాష్ట్ర ఆఫీసులకూ ఆ పద్ధతి పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు.